తక్కువ బడ్జెట్‌లో గేమింగ్ సిస్టం: నల్గొండ, పాలమూరు వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ అయిపోయిన పిల్లలు, బీటెక్ చదివేవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. విడి పార్టులు కొని సొంతంగా బిగించుకునేవాళ్ల కోసం కాదు. షాపులోనో ఆన్‌లైన్‌లోనో బిగించి సిద్ధంగా ఉన్న సిస్టం కొని, ఇంటికి తెచ్చి, ప్లగ్గు పెట్టి ఆడుకోవాలనుకునేవాళ్ల కోసం. నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, దేవరకొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు ఉండేవాళ్లకు ఎండ, కరెంటు, సర్వీస్ సెంటర్ దూరం అనే మూడు ఇబ్బందులు ఎప్పుడూ ఉంటాయి. యూట్యూబ్ వీడియోల్లో వీటి గురించి పెద్దగా చెప్పరు కాబట్టి ఇక్కడ వాటికే ఎక్కువ చోటిచ్చాను.

ఎంత పెడితే మంచి గేమింగ్ సిస్టం వస్తుంది?

ముందు ఏ గేములు ఆడతారో తేల్చుకోండి. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2, మైన్‌క్రాఫ్ట్, సెట్టింగులు తగ్గించి జీటీఏ 5 చాలనుకుంటే గ్రాఫిక్స్ కార్డు (గేము బొమ్మల్ని తయారుచేసే విడి పార్టు) లేకుండానే పని జరుగుతుంది. రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. బడ్జెట్ 40 వేల లోపే అయితే ఈ దారిలో వెళ్లండి. ఆ డబ్బులోనే ఏదో ఒక కార్డు ఇరికించమని షాపాయన్ని అడిగితే ఆయన మిగతా అన్నిట్లో కోత పెడతాడు. కొత్త పెద్ద గేములు ఆడాలనుంటే మానిటర్ కాకుండా 60, 70 వేల దగ్గర మాట మొదలుపెట్టండి.

ఒక జాగ్రత్త. 2025 చివరి నుంచి ర్యామ్ (పని నడిచేటప్పుడు వాడే మెమరీ), ఎస్ఎస్‌డీ (గేములు, ఫైళ్లు దాచే డిస్కు) ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్పులు తరలిపోతుండడమే అందుకు పెద్ద కారణం. అందుకే రెండేళ్ల నాటి వీడియోలో చెప్పిన '50 వేల బిల్డ్' ఈరోజు అదే ధరకు రాదు. ఆ వీడియో చూపించి షాపులో వాదించి లాభం లేదు.

'ఐ7, 16 జీబీ, గ్రాఫిక్స్ కార్డుతో 22 వేలకే' అంటున్నారు. తీసుకోవచ్చా?

వద్దు. ఇలాంటి బేరాల్లోనే మన దగ్గర చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఐ7 అనేది ప్రాసెసర్ వరుస పేరు మాత్రమే. అది ఏ తరానిదో దాని వెనకున్న నంబరు చెబుతుంది. ఐ7-2600 వచ్చింది 2011లో, ఐ7-3770 వచ్చింది 2012లో. ఆఫీసులు వాడి వదిలేసిన వీటిని కొత్త మదర్‌బోర్డు (పార్టులన్నీ కలిపే బోర్డు) మీద పెట్టి, ముందు అద్దం, లోపల రంగురంగుల లైట్లున్న క్యాబినెట్‌లో బిగిస్తే చూడ్డానికి కొత్త సిస్టం లాగే ఉంటుంది. 2022లో వచ్చిన ఐ3-12100 పేరుకు ఐ3 అయినా గేముల్లో ఆ పాత ఐ7లను సులువుగా దాటేస్తుంది.

వేగం సంగతి అలా ఉంచితే, విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఇంటెల్ 8వ తరం నుంచే అనుమతిస్తుంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 మీద వాలరెంట్ నడవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా ఏర్పాట్లూ ఉండాలి. పాత బోర్డుల్లో టీపీఎం 2.0 ఉండదు. అంటే 22 వేలు పోసి కొన్న ఐ7లో పిల్లవాడు ఆడాలనుకున్న గేమే తెరుచుకోకపోవచ్చు.

ఇక ఆ 'గ్రాఫిక్స్ కార్డు' చాలాసార్లు జీటీ 710 లేదా జీటీ 730 అయి ఉంటుంది. జీటీ 730 వచ్చింది 2014లో. దాని మీద 4 జీబీ అని రాసి ఉన్నా అది గేమింగ్ కార్డు కాదు, మానిటర్‌కు బొమ్మ పంపడానికి పెట్టే కార్డు.

కొటేషన్‌లో ఏమేం రాయించుకోవాలి?

మామూలుగా షాపులో ఇచ్చే కాగితం ఇలా ఉంటుంది: 'ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 ఎస్ఎస్‌డీ, 8 జీబీ గ్రాఫిక్స్, 500 వాట్స్ ఎస్ఎంపీఎస్, గేమింగ్ క్యాబినెట్.' (ఎస్ఎంపీఎస్ అంటే లోపలి పార్టులకు కరెంటిచ్చే డబ్బా.) ఈ కాగితం పట్టుకుని రెండు షాపుల ధరలు పోల్చలేరు. ఏ లైను కిందైనా ఏ పార్టైనా పెట్టేయొచ్చు.

అదే కాగితం ఇలా ఉండాలి: 'ఇంటెల్ ఐ5-12400ఎఫ్, బాక్స్ ప్యాక్. మదర్‌బోర్డు కంపెనీ పేరు, పూర్తి మోడల్. ర్యామ్ 8 జీబీవి రెండు, డీడీఆర్4, 3200. ఎస్ఎస్‌డీ ఎన్‌వీఎంఈ, కంపెనీ, మోడల్. ఆర్‌ఎక్స్ 6600 8 జీబీ, కార్డు తయారుచేసిన కంపెనీ పేరుతో. ఎస్ఎంపీఎస్ కంపెనీ, మోడల్, 80 ప్లస్ గ్రేడు (కరెంటు వృథా ఎంత తక్కువో చెప్పే గుర్తు).' ప్రతిదాని ఎదురుగా వారంటీ ఎన్నేళ్లో, ఎవరిస్తారో ఉండాలి. 'అన్నీ మంచివే వేస్తా తమ్మీ, నా మీద నమ్మకం లేదా' అంటే మర్యాదగానే 'నమ్మకం ఉందన్నా, నాన్నకు చూపించాలి, రాసివ్వండి' అనండి. నిజంగా మంచివి వేసేవాళ్లకు రాసివ్వడానికి అభ్యంతరం ఉండదు. మోడల్ పేర్లు రాయనంటే అడ్వాన్సు ఇవ్వకండి.

బాక్స్ ప్యాక్ అని ఎందుకు రాయించుకోవాలంటే, డబ్బా లేకుండా ట్రేలో వచ్చిన ప్రాసెసర్లకు ఇంటెల్ నుంచి నేరుగా మీకు వారంటీ రాదు. బాక్స్ ప్యాక్‌కు మూడేళ్లు వస్తుంది.

ఏ గ్రాఫిక్స్ కార్డు?

బడ్జెట్‌లో పెద్ద వాటా దీనికే పోవాలి. ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కు ఆర్‌ఎక్స్ 6600 ఈ ధరల్లో నాకు బాగా నచ్చే కార్డు. 8 జీబీ మెమరీ ఉంటుంది, 132 వాట్ల లోపే కరెంటు తీసుకుంటుంది. ఇంకొంచెం పెట్టగలిగితే ఆర్‌టీఎక్స్ 4060 లేదా 5060 చూడండి.

ఆర్‌టీఎక్స్ 3050 దగ్గర మాత్రం కళ్లు తెరుచుకుని ఉండాలి. 2022లో వచ్చిన 8 జీబీ 3050, 2024లో వచ్చిన 6 జీబీ 3050 ఒకటి కావు. రెండో దాంట్లో మెమరీ ఒక్కటే కాదు, లోపల పనిచేసే కోర్లు, మెమరీ బస్ (మెమరీకి వెళ్లే దారి) కూడా తగ్గించారు. పేరు అదే ఉంచడంతో బయట '3050 సిస్టం' అని రెండూ అమ్ముతున్నారు. 6 జీబీ కార్డు పనికిరానిదేం కాదు. 70 వాట్లతోనే నడుస్తుంది, చాలా మోడళ్లకు విడిగా పవర్ కేబుల్ కూడా అక్కర్లేదు. కానీ 8 జీబీ దాని ధరకు దీన్ని కొనకూడదు.

ఆన్‌లైన్‌లో తక్కువకు దొరికే 'ఆర్‌ఎక్స్ 580 2048ఎస్‌పీ' నిజానికి ఆర్‌ఎక్స్ 570కి దగ్గరి కార్డు. వాటిలో చాలావరకు క్రిప్టో మైనింగ్‌లో రాత్రింబవళ్లు నడిచి వచ్చినవే.

ప్రాసెసర్ ఐ5 కావాలా, ఐ7 కావాలా?

ఐ5-12400ఎఫ్ లేదా రైజెన్ 5 5600 చాలు. రెండింటికీ ఆరు కోర్లుంటాయి. మిగిలిన డబ్బు కార్డు మీద పెట్టండి. ఇంటెల్‌లో చివర 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టు, అంటే కార్డు లేకుండా స్క్రీన్ రాదు. 'ఇప్పుడు సిస్టం తీసుకుని కార్డు దసరాకు వేయించుకుంటాం' అనుకునేవాళ్లు ఇంటెల్‌లో ఎఫ్ లేనిదే తీసుకోవాలి.

16 జీబీ ఒకటే ర్యామ్ అయితే ఏమవుతుంది?

నడుస్తుంది, కానీ పూర్తి వేగం రాదు. 8 జీబీవి రెండు వేస్తే ప్రాసెసర్ రెండు దారుల్లో ఒకేసారి మెమరీని చదువుతుంది. కార్డు లేని 5600జీ లాంటి సిస్టంలో ఈ తేడా గేములో కంటికి కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది. బిగించి అమ్మే సిస్టంలలో ఖర్చు తగ్గించడానికి ఒక్క స్టిక్కు పెట్టడం చాలా మామూలు. అడిగితే మారుస్తారు, అడగాలి.

ఎస్ఎంపీఎస్ గురించి ఎందుకంత పట్టుబడతారు?

సిస్టంలో అన్ని పార్టులకూ కరెంటు దాని గుండానే పోతుంది కాబట్టి. చౌక ఎస్ఎంపీఎస్ పోతే ఒక్కటే పోదు, బోర్డునో కార్డునో వెంట తీసుకుపోవచ్చు. మన ఊళ్లలో ఎండకాలం సాయంత్రాలు వోల్టేజీ పడిపోవడం, వ్యవసాయ మోటార్లు ఆడే లైన్లలో లైట్లు మినుకుమినుకుమనడం, గాలివానకు కరెంటు టపటపా పోయిరావడం అందరూ చూసేదే. ఆ దెబ్బలన్నీ ముందు తగిలేది ఎస్ఎంపీఎస్‌కే.

క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే '450 వాట్ల' డబ్బా మీది స్టిక్కర్ ఒకసారి చదవండి. +12వీ అనే గడి కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించండి. అక్కడ 17 అని ఉంటే 204 వాట్లు. ప్రాసెసర్, కార్డు బతికేది ఈ 12 వోల్టుల లైను మీదే. అంటే పైన 450 అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా గేముకు అందేది ఆ 204 మాత్రమే. మంచి 450 వాట్ల యూనిట్‌లో ఈ లెక్క 400 దాటుతుంది. అదే స్టిక్కర్ మీద ఇన్‌పుట్ 100–240వీ అని ఉంటే వోల్టేజీ తగ్గినప్పుడు కూడా ఓర్చుకుంటుంది. 200–240వీ అని ఉంటే మన పల్లెల్లో కష్టం.

80 ప్లస్ బ్రాంజ్, ఐదేళ్ల వారంటీ, పేరున్న కంపెనీది, 500 లేదా 550 వాట్లు. ఇందులో బేరమాడొద్దు. క్యాబినెట్ లైట్లు తీసేయించి అయినా ఇది వేయించండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. యూపీఎస్ కూడా కావాలా?

ఇన్వర్టర్ ప్యూర్ సైన్‌వేవ్ (లైను కరెంటు లాంటి కరెంటే ఇచ్చేది) అయి, వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉండి, లోడు తట్టుకుంటే అదే చాలు. మామూలు మోడ్‌లో మారడానికి పట్టే ఆ కాస్త సమయంలోనే సిస్టం ఆగిపోతుంది. పాత స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ మీద గేమింగ్ సిస్టం నడపకండి.

విడిగా యూపీఎస్ కొంటే, షాపుల్లో అలవాటుగా ఇచ్చే 600 వీఏది సరిపోదు. అది మామూలుగా 360 వాట్లది, అది కూడా లెక్కలోనే. గేము మధ్యలో కరెంటు పోగానే కుయ్యిమని అరిచి ఆగిపోతుంది. 1000 వీఏ తీసుకోండి. అది గంటలు గంటలు ఆడుకోవడానికి కాదు, గేము సేవ్ చేసి సిస్టం ఆపడానికి.

క్యాబినెట్ ఇనుము ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోందా? సిస్టం పాడైందని షాపుకు మోయకండి. చాలాసార్లు ఇంట్లో ఎర్తింగ్ లేక అలా అవుతుంది. మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టే అలవాటు మానాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. సిస్టం కోసమే కాదు, ఇంట్లో మనుషుల కోసం కూడా.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

ఆర్‌ఎక్స్ 6600 ఉన్న సిస్టం, మానిటర్ కలిపి గేము ఆడేటప్పుడు సుమారు 250 నుంచి 300 వాట్లు లాగుతుంది. రోజుకు మూడు గంటలాడితే ఒక యూనిట్‌కు కాస్త తక్కువ, నెలకు దాదాపు 25 యూనిట్లు. గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇళ్లలో దీన్ని పట్టించుకోవాలి. 200 యూనిట్లు దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. ఎండకాలంలో కూలర్, ఫ్రిజ్‌తోనే 180 దగ్గర ఉండే ఇల్లయితే ఈ 25 గీత దాటించేస్తాయి. సెలవుల్లో ఎన్ని గంటలాడాలో ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

మన ఎండలకు సిస్టం తట్టుకుంటుందా?

తట్టుకుంటుంది, గాలి ఆడితే. మే నెలలో నల్గొండలో బయట 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి, ఏసీ లేని గదిలో 38, 40 ఉంటుంది. గది ఎంత వేడెక్కితే లోపలి పార్టులు దాదాపు అంత పైకి పోతాయి. ఏసీ షోరూంలో 70 డిగ్రీలు చూపిన కార్డు మన గదిలో 85 చూపిస్తే ఆశ్చర్యం లేదు. పార్టు కాలిపోదు, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం ఆడితే గేము ల్యాగ్ అవుతోందని, రాత్రి బాగుందని చెప్పేవాళ్ల సమస్య చాలావరకు ఇదే.

అందుకే క్యాబినెట్ ముందు భాగం అద్దం కాదు, జాలీ ఉన్నది తీసుకోండి. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి లాగాలి, వెనక ఒకటి బయటికి తోయాలి. కంప్యూటర్ టేబుల్ కింద సీపీయూ కోసం చెక్కతో చేసిన మూసిన అర ఉంటుంది కదా, దాంట్లో అసలు పెట్టకండి. ఎయిర్ కూలర్ గాలి నేరుగా క్యాబినెట్‌లోకి కొట్టేలా కూడా వద్దు, అది తడి గాలి. 60 హెర్ట్జ్ మానిటర్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చేది) ఉన్నవాళ్లు గేము సెట్టింగులో ఎఫ్‌పీఎస్‌ను, అంటే సెకనుకు గేము తయారుచేసే బొమ్మల్ని, 60 దగ్గర ఆపితే వేడి, శబ్దం రెండూ తగ్గుతాయి.

దుమ్ము ఇంకో సంగతి. మిర్యాలగూడలో రైసుమిల్లుల దగ్గర, రోడ్డు పక్కన ఉండే ఇళ్లలో రెండు మూడు నెలలకోసారి జాలీ తీసి దులపాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ప్లగ్గు తీసేసి, ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకుని కొట్టండి. గాలికి అది గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

ఎక్కడ కొనాలి: మన ఊళ్లోనా, హైదరాబాద్‌లోనా, ఆన్‌లైన్‌లోనా?

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనేది, కంప్యూటర్ పార్టులకు పెద్ద మార్కెట్. వరుసగా షాపులుంటాయి, మోడల్ పేర్లతో కొటేషన్ ఇవ్వడం అక్కడ మామూలే. నాలుగు షాపుల్లో అదే లిస్టు చూపిస్తే ధర తేలిపోతుంది. నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా దాదాపు వంద కిలోమీటర్లు, పొద్దున పోయి రాత్రికి రావచ్చు. కాకపోతే ఏదైనా పాడైతే మళ్లీ అంత దూరం పోవాలి.

మన ఊరి షాపులో రెండు మూడు వేలు ఎక్కువైనా, ఆయన మోడళ్లు రాసిచ్చి, పార్టు పోతే తానే హైదరాబాద్ పంపి తెప్పిస్తానని బిల్లు మీద రాస్తే నేను అక్కడే కొనమంటాను. ఆ పైసలు ఒక్కసారి బస్సెక్కే పని తప్పినా తిరిగొస్తాయి.

పెద్ద కంపెనీల గేమింగ్ డెస్క్‌టాప్‌లకు ఇంటికొచ్చి బాగుచేసే వారంటీ ఉంటుంది, అది పెద్ద సుఖం. కొనేముందు మీ పిన్‌కోడ్‌కు ఆ సర్వీసు వర్తిస్తుందో కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అడగండి. వాటిలో కొన్ని మోడళ్లకు బోర్డు, ఎస్ఎంపీఎస్ ఆ కంపెనీ సొంత కొలతలతో ఉంటాయి. తర్వాత బయటి పార్టు వేయడం కుదరదు.

ఆన్‌లైన్‌లో కొంటే డబ్బా తెరవడం మొత్తం వీడియో తీయండి. వణుకుడికి గ్రాఫిక్స్ కార్డు స్లాటు నుంచి ఊడి ఉంటుంది ఒక్కోసారి. స్విచ్ వేయకముందే పక్క అద్దం తీసి చూడండి. హైదరాబాద్ నుంచి బస్సులో తెచ్చేవాళ్లు కార్డు విడిగా దాని డబ్బాలోనే తెచ్చుకోవడం మేలు.

పాత ఆఫీసు సిస్టం కొని కార్డు వేస్తే?

ఇది నిజంగా మంచి దారి, చూసి కొంటే. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివి రీఫర్బిష్డ్‌గా (వాడినవి బాగుచేసి మళ్లీ అమ్మేవి) దొరుకుతాయి. ఐ5-8500 లేదా అంతకంటే కొత్తది చూడండి, అప్పుడు విండోస్ 11 సమస్య రాదు. సన్నగా ఉండే చిన్న మోడల్ వద్దు, పెద్ద టవర్ తీసుకోండి. లోపల చిన్న ఎస్ఎంపీఎస్ ఉంటుంది కాబట్టి విడిగా పవర్ కేబుల్ అడగని కార్డే వేయాలి. జీటీఎక్స్ 1650లో కేబుల్ లేని మోడల్, లేదా పైన చెప్పిన 6 జీబీ 3050.

గేమింగ్ ల్యాప్‌టాప్ మంచిది కాదా?

హాస్టల్‌కు పోయేవాళ్లకు అదే సరి. ఇంట్లోనే ఉండేవాళ్లకు అదే డబ్బులో డెస్క్‌టాప్ ఎక్కువ పనిచేస్తుంది, చల్లగా ఉంటుంది, పోయిన పార్టు ఒక్కటే మార్చుకోవచ్చు.

బీజీఎంఐ కోసం సిస్టం కొనొచ్చా?

బీజీఎంఐకి (ఫోన్ పబ్‌జీకి మన దేశపు వెర్షన్) అధికారిక పీసీ వెర్షన్ లేదు. ఎమ్యులేటర్‌లో (ఫోన్ గేముల్ని పీసీలో నడిపే సాఫ్ట్‌వేర్) ఆడితే ఖాతా బ్యాన్ అయ్యే ప్రమాదముంది. దాని కోసమే అయితే ఆ డబ్బుతో మంచి ఫోన్ కొనండి. పీసీలో ఆడే పబ్‌జీ వేరు, అది 2022 జనవరి నుంచి ఉచితం.

జీటీఏ 6 కోసం ఆగాలా?

ప్రకటించింది పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోల్‌లకే. దాని కోసం సిస్టం కొనడం వాయిదా వేయకండి.

కొత్త సిస్టం ఇంటికొచ్చాక ఏం చూసుకోవాలి?

మొదట మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకు పెట్టారా, పైన మదర్‌బోర్డుకు పెట్టారా చూడండి. బోర్డుకు పెడితే కార్డు ఊరికే కూర్చుంటుంది. 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నా విండోస్ డిస్‌ప్లే సెట్టింగులో 60 దగ్గరే ఉండొచ్చు, మార్చుకోవాలి. తర్వాత సీపీయూ-జెడ్, జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు వాటి సొంత సైట్ల నుంచే దించుకుని, కొటేషన్ కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో పార్టు పేరు సరిచూడండి. పేరు మార్చిన నకిలీ కార్డు అయితే జీపీయూ-జెడ్ చాలావరకు పట్టేస్తుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఎస్ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో కనిపిస్తుంది. కొత్తదని అమ్మిన దానికి వందల గంటలుంటే అడగాల్సిందే.

విండోస్ అసలుదేనా అని కూడా అడగండి. షాపులో ఉచితంగా వేసిచ్చే క్రాక్ విండోస్‌లో వైరస్ ఉంటే మీ స్టీమ్ (గేములు కొనే సైటు) ఖాతాతో పాటు నాన్నగారి బ్యాంకు పాస్‌వర్డ్ కూడా పోవచ్చు.

రాసిచ్చిన పార్టు వేయలేదు, షాపాయన పట్టించుకోవట్లేదు. ఏం చేయాలి?

జీఎస్టీ బిల్లు ఉందా? ఉంటే మీ చేతిలో బలముంది. డెస్క్‌టాప్‌కు 18 శాతం జీఎస్టీ, అది తప్పించుకోవడానికి 'బిల్లు వద్దంటే తగ్గిస్తా' అంటారు. బిల్లు లేకపోతే వారంటీ అడగడమూ కష్టమే, ఫిర్యాదు చేయడమూ కష్టమే. బిల్లు మీద ప్రతి పార్టు సీరియల్ నంబరు వేయించుకోండి.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం అమ్మినవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నా, ఆన్‌లైన్ కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. కొటేషన్, బిల్లు, డబ్బు కట్టిన యూపీఐ రసీదు, డబ్బా తెరిచిన వీడియో, జీపీయూ-జెడ్ స్క్రీన్ ఫొటో ఒక్కచోట పెట్టుకుని వెళ్లండి.